కడుపు ఆపరేషన్ తరువాత వచ్చే చిక్కులు – ఇంటివారి చేతిలో ఉన్నది ఎంత?

కడుపు ఆపరేషన్ జరిగిన రోగి బంధువులు థియేటరు బయట డాక్టరుగారిని అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆపరేషన్ మంచిగైందా సార్?" చాలాసార్లు డాక్టరుగారు "బాగా జరిగింది" అనే చెబుతారు. అది నిజమే. అయితే వారం తిరగకముందే కుట్ల దగ్గర చీము పట్టవచ్చు, రోగికి నిమ్ము చేయవచ్చు, కుట్టిన పేగు లీకు కావచ్చు. అప్పుడు బంధువులు "ఆపరేషన్ సరిగా చేయలేదేమో" అని అనుమానపడతారు. కొన్నిసార్లు కారణం ఆపరేషన్‌లోనే ఉంటుంది, దానిని కాదనలేము. కాని చాలాసార్లు కారణం అంతకు ముందునుండే రోగి ఒంట్లో ఉంటుంది. రక్తం తక్కువగా ఉండడం, తిండి లేక చిక్కిపోవడం, బీడీలు, కల్లు, అదుపులో లేని షుగరు, గ్రామంలో వాడిన మందులు, ఆలస్యంగా తీసుకురావడం, ఇవన్నీ కత్తి పెట్టకముందే ఉన్న ప్రమాదాలు. వీటిలో చాలావాటిని డాక్టరు ఒక్కరే సరిచేయలేరు, ఇంటివారు సరిచేయగలరు. అందుకే ఈ వ్యాసాన్ని రోగి కోసం కాక, రోగితో వచ్చిన మీ కోసం వ్రాస్తున్నాము.

పేదరికానికీ ఈ చిక్కులకూ సంబంధం ఉన్నదని లెక్కలు చెబుతున్నాయి. 2018లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో 66 దేశాలలోని 343 ఆసుపత్రులలో కడుపు, పేగుల ఆపరేషన్ చేయించుకున్న 12,539 మందిని గమనించారు. ఆపరేషన్ గాయానికి చీము పట్టినవారు బాగా అభివృద్ధి చెందిన దేశాలలో నూటికి 9 మంది, మధ్యస్థ దేశాలలో 14 మంది, వెనుకబడిన దేశాలలో 23 మంది. ఈ తేడాకు ఆసుపత్రి వసతులు ఒక కారణమైతే, రోగి ఏ స్థితిలో బల్ల మీదికి వచ్చాడన్నది మరొక కారణం.

మన ప్రాంతంలో వసతుల విషయంలో కొంత మార్పు వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగంగా మొదలైన మూడు జిల్లాలలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు అందులోనివే, 2016 అక్టోబరులో వేరు జిల్లాలయ్యాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా మొదలయ్యాయి. ఆపరేషన్ ఖర్చుకు కార్డు ఉన్నది గాని, ఆపరేషన్‌ను తట్టుకునే బలాన్ని ఏ కార్డూ ఇవ్వదు.

చిక్కిపోయిన శరీరం

1936లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో స్టడ్లీ అనే సర్జన్ కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్న రోగుల బరువులను పరిశీలించారు. ఆపరేషన్‌కు ముందే ఒంటి బరువులో అయిదో వంతుకు మించి తగ్గినవారిలో ముగ్గురికి ఒకరు చనిపోయారు. అంతగా తగ్గనివారిలో చనిపోయినవారు నూటికి నలుగురు కూడా లేరు. ఇప్పుడు మత్తుమందులు, యాంటీబయాటిక్స్ ఎంతో మెరుగుపడ్డాయి కాని, చిక్కిపోయినవారికి ప్రమాదం ఎక్కువన్న మాట మాత్రం మారలేదు.

కారణం తెలుసుకోవడం కష్టం కాదు. కోసిన పేగు మళ్ళీ అతుక్కోవాలంటే శరీరం కొత్త కండను అల్లుకోవాలి. అందుకు మాంసకృత్తులు కావాలి. గద్వాల నేతగాడికి మగ్గం ఎంత మంచిదైనా నూలు లేకపోతే చీర రాదు గదా! సర్జన్ వేసిన కుట్టు కొద్ది రోజులు మాత్రమే పేగును పట్టి ఉంచుతుంది, ఆ తరువాత పట్టి ఉంచవలసింది రోగి సొంత కండే. రక్తపరీక్షలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 3.5 గ్రాములకంటే తక్కువ ఉంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల రోగుల మీద 1999లో వచ్చిన పరిశీలనలో, ఆల్బుమిన్ బాగా ఉన్నవారిలో నెలలోపు మరణాలు నూటికి ఒకటికంటే తక్కువ, మరీ పడిపోయినవారిలో నూటికి 29.

ఆపరేషన్‌కు రెండు మూడు వారాల గడువు ఉంటే ఆ గడువును వృథా చేయకండి. యాభై కిలోల మనిషికి ఈ సమయంలో రోజుకు 60 నుండి 75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఖరీదైన డబ్బా పొడులే కొనాలని లేదు. ఒక కోడిగ్రుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 గ్రాములు, గుప్పెడు పల్లీలలో 7 గ్రాములు, ఒక గిన్నె పెసరపప్పులో 7 గ్రాములు, రెండు జొన్నరొట్టెలలో దాదాపు 10 గ్రాములు ఉంటాయి. పల్లీలు మన పొలాలలోనే పండుతాయి గదా! నమలలేని ముసలివారికి వేయించి దంచి బెల్లంతో ఇవ్వండి. పేగు మూసుకుపోయి వాంతులు అవుతున్నవారికి మాత్రం ఇవేవీ పెట్టకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగి తినాలి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆపరేషన్ ముందు ఉపవాసముండి ప్రార్థించడం మన సంఘాలలో అలవాటు. ప్రార్థన మంచిదే, మేమూ ప్రతి ఆపరేషన్‌కు ముందు ప్రార్థిస్తాము. కాని ఉపవాసం బంధువులు ఉండాలి, రోగి ఉండకూడదు. మూడు రోజులు నీళ్ళమీద ఉండి వచ్చిన రోగి బలహీనపడి వస్తాడు. పాస్టరుగారితో ఈ సంగతి చెప్పండి, ఆయనే రోగికి తినమని చెబుతారు. ఆపరేషన్ రోజు ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉండాలో మత్తు డాక్టరుగారు చెబుతారు. మామూలుగా గట్టి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపితే చాలు. ముందురోజు మధ్యాహ్నం నుండే మాడ్చవలసిన అవసరం లేదు. అయితే జీర్ణాశయం ఖాళీ కాని జబ్బులలో ఈ లెక్క మారుతుంది కాబట్టి, మీ రోగికి ఏది చెబితే అదే చేయండి.

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. మా వార్డులో ఎక్కువసార్లు వినిపించే మాట ఇదే. పప్పు పెడితే చీము, గ్రుడ్డు పెడితే వేడి, పెరుగు పెడితే జలుబు, నీళ్ళు ఎక్కువ తాగితే గాయం మానదు అని రోగికి చారన్నం, కారంమెతుకులు పెడతారు. డాక్టరు తినమన్న తరువాత కూడా పది రోజులు ఇదే పథ్యం నడిపిస్తారు. చీము క్రిముల వలన పడుతుంది, పప్పు వలన కాదు. పప్పు, గ్రుడ్డు మానిపించినందువలన గాయం మానడం ఆలస్యమై, చీముకు అవకాశం పెరుగుతుంది. పెద్దమ్మలు ప్రేమతోనే పథ్యం చెబుతారు, వారితో పోట్లాడవద్దు. వారిని డాక్టరుగారి దగ్గరికో నర్సమ్మ దగ్గరికో తీసుకురండి, మేము నచ్చజెబుతాము.

రక్తం తక్కువగా ఉంటే

మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆడవారికి హిమోగ్లోబిన్ 12, మగవారికి 13 గ్రాములకంటే తగ్గితే రక్తం తక్కువ అన్నట్లు. గాయానికి ప్రాణవాయువును మోసుకుపోయేది ఈ హిమోగ్లోబినే. అది చాలకపోతే అతుకు మానదు, గుండె మీద భారం పడుతుంది. ఆపరేషన్‌లో మామూలుగా పోయే కొద్దిపాటి రక్తాన్ని కూడా రోగి తట్టుకోలేడు.

ఐరన్ మాత్రలను సరిగా వాడితే మూడు నాలుగు వారాలలో ఒకటి రెండు గ్రాములు పెరగవచ్చు. మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి, అది మాత్రల రంగే. చెప్పులు లేకుండా పొలంలో నడిచేవారికి కొంకి పురుగులు ఉండవచ్చు, వాటికి మాత్ర అడగండి. గడువు లేనివారికి ఐరన్‌ను నరంలో ఎక్కిస్తారు, మరీ తక్కువైతే రక్తం ఎక్కిస్తారు. ఇంకొక ముఖ్యమైన విషయం. యాభై దాటిన మగవారికి కారణం లేకుండా రక్తం తగ్గితే అది పేగులలో పుండో, గడ్డో రక్తం కారుస్తున్న గుర్తు కావచ్చు. టానిక్ తాగించి ఊరుకోకండి.

బీడీ, గుట్కా

పొగలోని విషవాయువు రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. అంటే పేగు అతుక్కోవలసిన చోటికి రక్తం తక్కువగా వస్తుంది, వచ్చిన రక్తంలోనూ సత్తువ ఉండదు. ఊపిరితిత్తులలోని కళ్ళెను పైకి తోసే సన్నని వెంట్రుకలు కూడా పొగతో మొద్దుబారతాయి. పొట్ట కోత నొప్పికి రోగి గట్టిగా దగ్గలేడు. కళ్ళె లోపలే నిలిచి నిమ్ముగా మారుతుంది.

నాలుగు వారాల ముందు మానితే చాలా మేలు. అంత గడువు లేకపోయినా మానడమే మంచిది, ఒక్క రోజు మానినా రక్తంలోని ఆ విషవాయువు చాలావరకు దిగిపోతుంది. "ఒక్కసారిగా మానితే ప్రమాదం" అనే మాటకు ఆధారం లేదు. గుట్కా, జర్దాలోనూ నికోటిన్ ఉన్నది కాబట్టి అవీ మానాలి. ఆపరేషన్ అయిన మూడో రోజు పెద్దాయన "నోరు చప్పగా ఉన్నదిరా" అనగానే జాలిపడి బాత్‌రూములోకి బీడీ కట్ట చేరవేసే మనుమలు ఉంటారు. ఆ జాలి వద్దు.

కల్లు గురించి నిజం చెప్పండి

మన జిల్లాలలో దీనిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చెట్టు నుండి దించిన కల్లు వేరు, దుకాణంలో అమ్మే కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగేవారి మెదడు ఆ మందులకు అలవాటు పడిపోతుంది. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసి అమ్మకాన్ని అడ్డుకున్నప్పుడు పాత మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులకు చేతులు వణుకుతూ, ఫిట్లు వస్తూ, పిచ్చిగా మాట్లాడుతూ ఎందరో వచ్చారు. వారికి వచ్చిన జబ్బు కల్లు తాగినందుకు కాదు, ఒక్కసారిగా ఆగినందుకు.

ఆపరేషన్ చేయించుకున్న రోగికి కూడా కల్లు ఒక్కసారిగానే ఆగిపోతుంది గదా! రెండో రోజో మూడో రోజో నిద్ర పట్టక, చెమటలు పట్టి, లేనివి కనిపిస్తున్నాయంటూ లేచి కూర్చుంటాడు. ముక్కులోని గొట్టం లాగేస్తాడు, సెలైన్ పీకేస్తాడు, మంచం దిగి పరుగెడతాడు. కుట్లు తెగిపోవచ్చు. బంధువులు "గాలి సోకింది" అంటారు. ముందే తెలిస్తే డాక్టర్లు మందు మోతాదు చూసి ఇచ్చి దీనిని చాలావరకు ఆపగలరు. మత్తు డాక్టరుగారికి కూడా ఇది తెలియాలి, ఎందుకంటే ఇటువంటివారికి మత్తుమందు పనిచేసే తీరు మారుతుంది.

కాని వార్డులో పదిమంది ముందు అడిగితే "మా నాయనకు ఏ అలవాటు లేదు సారూ" అంటారు. సిగ్గు మాకు అర్థమవుతుంది. సంఘపెద్ద అయితే ఇంకా కష్టం. నర్సమ్మను పక్కకు పిలిచి చెప్పండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళ నుండి, చివరిసారి ఎప్పుడు, ఈ మూడే కావాలి. మీమీద తీర్పు తీర్చడానికి అడగడం లేదు. ఆడవారి విషయంలో కూడా దాచకండి, మన పల్లెలలో ఆడవారూ తాగుతారు.

సారా, బ్రాందీ వంటివి ఎక్కువగా తాగేవారి మీద 1999లో డెన్మార్కులో ఒక పరిశీలన జరిగింది. పెద్దపేగు ఆపరేషన్‌కు నెల ముందు పూర్తిగా మానిపించినవారిలో నూటికి 31 మందికి చిక్కులు వచ్చాయి, తాగుతూనే వచ్చినవారిలో 74 మందికి వచ్చాయి. నెల రోజులు మానడం ఏ మందుకూ తీసిపోదని దీనిని బట్టి తెలుస్తున్నది. అయితే ఏళ్ళ తరబడి తాగుతున్నవారిని ఇంట్లో బలవంతంగా ఒక్కరోజులో మానిపించకండి, డాక్టరు సలహాతోనే మానిపించండి.

షుగరు, ఇంకా ఊరి మందులు

షుగరు ఎక్కువగా ఉన్న రక్తంలో క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. ఆపరేషన్ సమయంలో 180 దాటకుండా చూడాలని డాక్టర్లు ప్రయత్నిస్తారు. షుగరు ఉన్నదని ఎన్నడూ తెలియనివారికి ఆపరేషన్ పరీక్షలలోనే బయటపడడం మాకు మామూలే. ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో మీరే నిర్ణయించకండి.

మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పులకు ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చే పొట్లాలలో నొప్పి మాత్రతోపాటు స్టెరాయిడ్ మాత్ర కూడా ఉండవచ్చు. పసరు మందు, చెట్ల మందు పేరుతో అమ్మే కొన్ని పొడులలోనూ స్టెరాయిడ్ కలుపుతారు. నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేసి రంధ్రం పడేదాకా తీసుకుపోగలవు. స్టెరాయిడ్ గాయాన్ని మాననివ్వదు, కడుపు లోపలి చీమును జ్వరం, నొప్పి లేకుండా దాచిపెడుతుంది. దానిని ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే. కాబట్టి ఇంట్లో ఉన్న మాత్రల అట్టలు, పొట్లాలు, సీసాలు అన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. రక్తం పలుచబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ఉంటే తప్పక చెప్పండి.

ఆలస్యం

ఇప్పటివరకు చెప్పినవి వారాలలో సరిచేసుకునేవి. అత్యవసర ఆపరేషన్‌లో లెక్క గంటలలో ఉంటుంది. 1987లో హాంకాంగ్‌లో బోయీ అనే సర్జన్, ఆయన తోటివారు కడుపులో రంధ్రం పడిన రోగులను గమనించి మూడు ప్రశ్నలు వేశారు. వేరే పెద్ద జబ్బు ఉన్నదా? వచ్చేసరికి బి.పి. పడిపోయిందా? రంధ్రం పడి 24 గంటలు దాటిందా? మూడూ లేనివారు అందరూ బ్రతికారు. ఒకటి ఉన్నవారిలో పదిమందికి ఒకరు, రెండు ఉన్నవారిలో దాదాపు సగం మంది, మూడూ ఉన్నవారు అందరూ చనిపోయారు. ఈ మూడింటిలో మూడవది పూర్తిగా ఇంటివారి చేతిలోనిది.

కాని ఊళ్ళో ఏమి జరుగుతుంది? మొదటిరోజు "జర గ్యాస్" అని సోడా తాగిస్తారు. రెండవరోజు ఇంటికి పిలిపించి రెండు సెలైన్లు, ఒక నొప్పి సూది. సూదితో నొప్పి తగ్గినట్టు ఉంటుంది, లోపల మాత్రం మలం, పైత్యరసం పొట్ట అంతా పాకుతుంటాయి. అప్పు పుట్టేవరకు, బొంబాయి పనికి పోయిన కొడుకు వచ్చేవరకు ఆగుతారు. నల్లమల లోపలి పెంటల నుండి వచ్చేవారికి దారే ఒక పూట. మూడవ రోజు చేరేసరికి బి.పి. దొరకదు.

కత్తితో పొడిచినట్టు హఠాత్తుగా నొప్పి, పొట్ట చెక్కలా గట్టిపడడం, కదిలితే నొప్పి ఎక్కువై కదలకుండా పడుకోవడం, పచ్చని వాంతులు, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోవడం, వీటిలో ఏది కనిపించినా నోటితో ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేయండి. కొడుకు ఆసుపత్రికే నేరుగా వస్తాడు.

ఆసుపత్రిలో చేరాక

వయసు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు వంటివి మార్చలేనివి. వాటిని దాచకుండా చెప్పడమే మనం చేయగలిగింది. లావుగా ఉన్నవారికి గాయం చీము పట్టే అవకాశం ఎక్కువ, అయితే ఆపరేషన్ కోసమని కడుపు మాడ్చి బరువు తగ్గించకండి.

ముందురోజు సబ్బుతో తలారా స్నానం చేయించండి. పొట్ట మీద వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయకండి. కంటికి కనబడని గాట్లు పడి, వాటిలో క్రిములు చేరతాయి. అవసరమైతే మేమే క్లిప్పరుతో తీస్తాము. రెండు పూటలా పళ్ళు తోమించండి. నోటిలోని క్రిములే ఊపిరితిత్తులలోకి జారి నిమ్ము తెస్తాయి. మూడు బంతుల పరికరం ఇస్తే ఆపరేషన్‌కు ముందునుండే పీల్చడం నేర్పించండి, కోత నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం కష్టం.

ఆపరేషన్ మరునాడే లేపి నడిపించమంటే చాలామంది "కుట్లు తెగుతయి" అని అడ్డుపడతారు. డెన్మార్కు సర్జన్ కెలెట్ 1990లలో రోగులను త్వరగా లేపి, త్వరగా తినిపించే పద్ధతిని నడిపి చూపించారు. ఇప్పుడది చాలా దేశాలలో వాడుకలో ఉన్నది. పడుకునే ఉంటే కాలి నరాలలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం మూసుకుపోతుంది. దగ్గేటప్పుడు మడిచిన దుప్పటిని పొట్టకు ఒత్తి పట్టుకోమనండి, కుట్లు తెగవు.

చూడవచ్చినవారు మంచం మీద కూర్చోవద్దు. ఒక్కొక్కరుగా, చేతులు కడుక్కొని రండి. ప్రార్థన చేయవచ్చినవారికీ ఇదే మాట. గాయం మీది కట్టును విప్పి ఎవరికీ చూపించవద్దు.

ఇంటికి వెళ్ళాక

పేగు అతుకు లీకు అయితే ఎక్కువగా మొదటి వారం పది రోజులలోనే తెలుస్తుంది. కోతల పని ఉన్నదని ముందే ఇంటికి తీసుకుపోతామని ఒత్తిడి చేయకండి. ఇంటికి వెళ్ళాక చలిజ్వరం వచ్చినా, గుండె దడ పెరిగినా, పొట్ట మళ్ళీ ఉబ్బినా, తిన్నది నిలవకపోయినా, కుట్ల నుండి చీముగాని మలం వాసన గల నీరుగాని కారినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా ఊరిలో సూది వేయించకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే రండి. డిశ్చార్జి కాగితం వెంట తెచ్చుకోండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగకండి.